రండి, వచ్చి కూర్చోండి

మా ఆవిడ స్నేహలత కుక్కని కూడా మీరు అనే మనిషి. వాకిట్లోకి ఊరకుక్క వస్తే "పొండి, పొండమ్మా" అంటుంది గానీ ఛీ అనదు. కైకలూరులో నా చేపల మేత కొట్టుకి వచ్చే రైతులు ఈ మాట చెప్పుకుని తెగ నవ్వుకునేవాళ్ళు. నేను మటుకు నోటి దురుసు మనిషిని. చెరువుల వాళ్ళతో వ్యాపారం, అరవకపోతే పని కాదు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిణ్ణి నువ్వు, ఏమే అనడం తప్ప ఇంకో పిలుపు ఎరగను. ఆవిడ దానికి ఏనాడూ ఏమీ అనుకోలేదు.

ఊరవతల, కొల్లేటి అంచున, ఆవిడకి వాళ్ళ నాన్నగారు ఇచ్చిన చేపల చెరువు ఒకటి ఉండేది. పట్టా భూమి. రెండువేల ఒకటిలో ఓ రోజు అన్నం వడ్డిస్తూ, "ఏవండీ, ఈ ఏడు చేపపిల్ల వదలొద్దండీ. గట్లు తెంపేసి చెట్లు వేద్దాం" అంది.

"వేస్తే సరుగుడు వెయ్యి. లేదా సుబాబులు వెయ్యి. నాలుగేళ్ళలో కొట్టుకోవచ్చు" అన్నాను.

"అవి కొట్టుకోడానికండీ. నేను ఉంచడానికి వేద్దామంటున్నాను."

మెత్తగానే అంది. ఆ మెత్తదనం దగ్గరే నేనెప్పుడూ ఓడిపోయేవాణ్ణి. కొల్లేటి చుట్టూ చెట్లన్నీ కొట్టి చెరువులు తవ్వేశాక గూడబాతులకి, అదే పెలికాన్లకి, వాలడానికి కొమ్మ లేకుండా పోయిందని ఆవిడ బాధ. అంతంత పెద్ద పక్షులు కరెంటు స్తంభాల మీద దిగబోయి చచ్చిపోతుంటే చూసి, తను పాఠాలు చెప్పే బడి నుంచి ఇంటికి ఏడ్చుకుంటూ వచ్చిన రోజులున్నాయి. సరే, నీ భూమి, నీ ఇష్టం అన్నాను.

కాపలాకి ఉన్న అప్పన్న, అతని పెళ్ళాం అమ్మాజీ గట్ల మట్టి లోపలికి లాగి మిట్టలు కట్టారు. ఈ నేల మీద పుట్టిన చెట్లే కావాలంది మా ఆవిడ. నేరేడు, మద్ది, కానుగ, గంగరావి, మేడి, నల్లతుమ్మ. గింజలు ఏరి తెచ్చి ఇంటి వెనకే మొలకలు కట్టింది. మా అమ్మాయి ఏంజెల్ అప్పుడు హైస్కూలు పిల్ల. ఆదివారం గుడి నుంచి వస్తూనే తల్లీకూతుళ్ళు చేతులకి బురద పూసుకుని కూర్చునేవాళ్ళు. "లేవండి బాబూ, ఎండెక్కింది" అని ఆవిడ మొక్కల్ని లేపుతుంటే ఏంజెల్ పడీపడీ నవ్వేది.

చెట్లు పెరిగాయి. రెండువేల ఆరులో ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు నా వ్యాపారం సగానికి పడింది. మా తోపు మాత్రం పచ్చగా నిలబడింది. "మీ ఆవిడ ముందే చూసిందయ్యా" అన్నారు జనం. నాకు ఎంత గర్వంగా ఉండేదో! ఆవిడతో మాత్రం ఆ మాట అనలేదు. అంటే నెత్తికెక్కుతుందని నా భయం.

రెండువేల తొమ్మిది నాటికి నేరేళ్ళు మేడంత ఎత్తు లేచాయి. బావురుపిల్లి వచ్చింది. ముంగిసలు, గోరింకలు, జెముడుకాకులు చేరాయి. గూడబాతులు మటుకు రాలేదు. చలికాలం సాయంత్రాలు ఆటపాక పక్షుల కేంద్రం వైపు నుంచి గుంపులు గుంపులుగా వచ్చి, మా తోపు మీద తిరిగి తిరిగి, వాలకుండా వెళ్ళిపోయేవి. ఆవిడ అలా తలెత్తి చూస్తూనే ఉండేది. ఎనిమిదేళ్ళు కన్నబిడ్డల్లా పెంచిన చెట్లు. ఆ పక్షులు వచ్చి వాలాలి. ఆవిడకి ఈ లోకంలో ఇంకో కోరిక లేదు.

నవంబరులో ఓ సాయంత్రం ఆవిడ ఇక ఉండబట్టలేక చేతులు రెండూ చాచి పిలిచింది.

"రండి... వచ్చి కూర్చోండి. మీ కోసమే కదండీ ఇదంతా."

నేను పక్కనే ఉన్నాను. "పక్షులకి కూడా అండీ ఏంటే? కాఫీ కూడా కలపమంటావా?" అన్నాను. ఆవిడ నవ్వింది. పక్షులు ఆ వేళ కూడా తిరిగి వెళ్ళిపోయాయి. అప్పటి నుంచి రోజూ బడి వదలగానే స్కూటీ మీద అక్కడికి పోవడం, పొద్దుగూకే దాకా "రండి, కూర్చోండి" అని పిలవడం అలవాటు చేసుకుంది.

కొద్దిరోజులకే అప్పన్న కొట్టుకి వచ్చాడు. తోపు దగ్గర వాళ్ళుండే గుడిసె ఖాళీ చేశామని చెప్పాడు. చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఏం వచ్చింది నీకు?" అని కసిరాను.

"చెట్లన్నీ నిండిపోయాయండీ."

"పక్షులు దిగాయా?"

"గోరింకలు కూడా లేచిపోయాయి బాబుగారూ." గొంతు తగ్గించాడు. "పొద్దుగూకితే కొమ్మలు కిందకి దిగుతున్నాయండీ... ఒకదాని తర్వాత ఒకటి. పైన ఏమీ కనపడదు. అమ్మగార్ని పిలవొద్దని చెప్పండి. హన్నమ్మగార్ని అడగండి, ఆవిడకి తెలుసు."

తాగొచ్చావా అని తిట్టి పంపించాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మధ్యాహ్నమంతా కొట్టులో కూర్చున్నానే గానీ తూకాలు కూడా తప్పాను. చివరికి తలుపులు మూసి హన్నమ్మత్తయ్య ఇంటికి వెళ్ళాను.

హన్నమ్మగారు మా ఆవిడకి మేనత్త. పాత గుడి వీధిలో ఒక్కతే ఉంటుంది. అల్లుణ్ణి కాబట్టి నన్ను మీరనే అంటుంది. నేను చెప్పిందంతా విని బియ్యం చేట పక్కన పెట్టింది.

"ఏమని పిలిచిందండీ మా పిల్ల?"

"రండి, వచ్చి కూర్చోండి అని."

ముసలావిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను.

"ఆ చెరువు తవ్వకముందు అదొక దిబ్బండి అల్లుడుగారూ. దాని మీద చేపలు పట్టుకునేవాళ్ళ గుడిసెలు, చుట్టూ నేరేళ్ళు, మద్దులు. నేను పరికిణీ కట్టుకునే రోజుల్లో గాలివాన పట్టి కొల్లేరు పొంగింది. వాళ్ళంతా చెట్లెక్కేశారు. జారిపోకుండా చీరలతో, పంచెలతో మానులకి కట్టుకున్నారు. ఇవతలి గట్టు మీంచి మా నాన్న కేకేశాడు. ఉండండి, పడవ తెస్తున్నాం, దిగకండి అని. ఆ కేక నేను విన్నాను."

"తెచ్చారా?"

"తీస్తే తిరగబడిపోయిందండి. ఇంకో పడవ దింపడానికి ఎవరికీ గుండె చాల్లేదు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే..." ఆవిడ చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "కూర్చునే ఉన్నారండి. తల్లులు, పిల్లలు, ముసలాళ్ళు. ఒక్కరూ దిగలేదు. ఉండమన్నాం కదా."

"ఎప్పటి మాట అత్తయ్యగారూ, ఇప్పుడెందుకు?" అన్నాను.

"ఆ చెట్లు కొట్టేశాక వాళ్ళకి కూర్చునే చోటు లేదు. ఇప్పుడు మీరు చెట్లు పెంచారు. చెట్లు మంచివే, వాటి తప్పేం లేదు. కానీ పక్షిని పిలవాలంటే రా అనాలండి. రండి అన్నది మనుషుల మాట. ఎవర్ని పిలిచిందో వాళ్ళే వచ్చారు." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అక్కడ మీ నోట అండీ అన్న మాట రానివ్వకండి. స్నేహని పిలవాల్సొస్తే నువ్వు అనే పిలవండి. దాన్ని మటుకే పిలవండి. మీకు అలవాటే కదా."

అలవాటే. నాకు నవ్వు కూడా వచ్చింది. బయటికి వచ్చి స్నేహలత సెల్లుకి ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఇంటికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. బడి ఎప్పుడో వదిలేశారు. పొద్దు వాలిపోతోంది.

బండి తోపు వైపు తిప్పాను.

గట్టు దారి ఎక్కేసరికి కొల్లేటి మీంచి మంచు దిగడం మొదలైంది. చూస్తుండగానే రెండు పక్కలా చెరువులు, రెల్లు, కరెంటు స్తంభాలు తెల్లగా మాసిపోయాయి. ఆకాశంలో కొంచెం వెలుతురు మిగిలింది గానీ నేల మీద అప్పుడే చీకటి. తూము దగ్గర ఆవిడ స్కూటీ ఉంది. నేను ఇంజను ఆపాను. ఆపిన తర్వాత వినపడాల్సినవి ఏవీ వినపడలేదు. కప్ప లేదు, కీచురాయి లేదు. నీళ్ళు గట్టుని తాకే చప్పుడు కూడా లేదు. తడిసిన బట్టలు రోజుల తరబడి మూటలో ఉండిపోతే వచ్చే వాసన మాత్రం ముక్కుపుటాలకి కొడుతోంది.

లోపలికి నడిచాను. గాలి లేదు. ఆకు కదలడం లేదు. కానీ కొమ్మలన్నీ కిందికి వంగి ఉన్నాయి. కాపు బరువుకి వంగినట్టు, కొన్ని నా తలకి తగిలేటంత కిందికి. డిసెంబరులో నేరేడుకి కాపెక్కడిది? పైకి చూశాను. ఏమీ లేదు. కొమ్మలూ, మంచూ. ఎక్కడో సన్నగా ఒక కొమ్మ కిర్రుమంది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

పెద్ద నేరేడు కింద ఆవిడ చెప్పులు కనపడ్డాయి. ఎవరింటికో వెళ్తూ గుమ్మం ముందు విడిచినట్టు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

"స్నేహా..."

"ఇక్కడున్నానండీ."

గొంతు పైనుంచి వచ్చింది.

నా తల మీద, చెయ్యెత్తితే పాదాలు అందేటంత ఎత్తులో, ఆవిడ మానుకి చేరగిలబడి కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పులతో మా డాబా మెట్లే ఆగి ఆగి ఎక్కే మనిషి. చీర కొంగు మాను చుట్టూ తిప్పి, నడుం చుట్టూ తిప్పి, గట్టిగా ముడి వేసి ఉంది.

"ఎలా ఎక్కావే అక్కడికి?"

"కూర్చోమన్నారండీ. కాదంటే బాగుండదు కదా."

"ఎవరు?"

"మెల్లిగా మాట్లాడండి." ఆవిడ గుసగుసలాడింది. "పిల్లలు ఇప్పుడే పడుకున్నారు."

దాన్ని మటుకే పిలవాలి. నువ్వు అనాలి. హన్నమ్మత్తయ్య మాట పళ్ళ బిగువున పట్టుకున్నాను.

"దిగు. నువ్వు దిగు స్నేహా."

"పడవ వచ్చిందా అండీ?"

నేను జవాబు చెప్పేలోపు వెనక మద్ది చెట్టు మీంచి ఎవరో అడిగారు. ముసలి గొంతు.

"వచ్చిందా అండీ?"

ఆ తర్వాత కానుగ మీంచి ఒక ఆడగొంతు. దాని అవతల ఇంకొకటి. అలా ఒక చెట్టు నుంచి ఒక చెట్టుకి, తోపు చివరి దాకా, మంచులోకి... "వచ్చిందా అండీ... వచ్చిందా..." ఎవరి గొంతులోనూ కోపం లేదు. తొందర లేదు. కబురు చేసిన ఇంటివాళ్ళని అడిగినట్టు మర్యాదగా అడుగుతున్నారు. ఆ మర్యాదకే నేను మానుకి ఆనుకుపోయాను.

"దిగవే... నీకు పుణ్యం ఉంటుంది, దిగు."

"పడవ రాకుండా ఎలా దిగుతానండీ? ఉండమన్నారు కదా." ఆవిడ కొంచెం పక్కకి జరిగింది. బస్సులో చోటిచ్చినట్టు. "పోనీ మీరే రండి. ఇక్కడ చోటుంది."

చెయ్యెత్తి ఆవిడ పాదం పట్టుకున్నాను. కొట్టు పక్క ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ మీద చెయ్యి పెట్టినట్టుంది. వేళ్ళు నానిపోయి ముడతలు పడి, తెల్లగా... తడి అంటూ లేని చోట, నీళ్ళలో నానినట్టు. లాగాను. ముడి ఇంకా బిగిసింది. ఆవిడ మెడ నెమ్మదిగా పక్కకి వాలింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడడం లేదు.

"స్నేహా!"

పలకలేదు.

"స్నేహా, పలుకు..."

ఊపిరి ఆడుతోందో లేదో తెలియడం లేదు. వాళ్ళు ఎలా పోయారో అలాగే పోతోంది. నా కళ్ళ ముందే పోతోంది. ఇరవై రెండేళ్ళు నా అరుపులు విని ఒక్క మాట ఎదురు చెప్పని మనిషి. నుదురు మానుకి ఆనించాను. చేతులెత్తి ఆ పాదాలు రెండూ పట్టుకుని ఏడ్చేశాను. ఏం అంటున్నానో నాకు తెలియలేదు. ప్రభువుని పిలిచాను, ఆవిణ్ణి పిలిచాను. ఎన్నడూ అనని మాట ఒకటి దుఃఖంలో తోసుకుని వచ్చేసింది.

"మీకు దణ్ణం పెడతాను. దిగండి... దయచేసి దిగండి. ఇంటికి వెళ్దాం రండి."

ఆ మాట బయటికి వచ్చాకే వినపడింది.

తోపంతా నిశ్శబ్దం.

కిర్రుమని... నా తల మీద ఒక కొమ్మ పైకి లేచింది. బరువు దిగిన కొమ్మ ఎలా లేస్తుందో, అలా. పక్కన ఇంకొకటి. మద్ది మీద. కానుగ మీద. తోపు చివరి దాకా కొమ్మలు ఒకటొకటిగా లేస్తున్నాయి. ఆ వెంటనే నేల మీద చప్పుడు. చప్... చప్... బురదలో పాదాలు మోపిన చప్పుడు. పెద్ద పాదాలు, చిన్న పాదాలు. అటూ ఇటూ, నా వెనక. ఒక్కరూ నన్ను తాకలేదు. దారి చూపించేవాళ్ళ కోసం ఆగినట్టు, అందరూ వచ్చి నా చుట్టూ ఆగారు.

ముడి దానంతట అదే వీడిపోయింది. ఆవిడ నా చేతుల్లోకి జారింది. ఊపిరి ఉంది.

ఎలా పరిగెత్తానో తెలియదు. ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని బండి తీశాను. బండి లాగలేదు. మేత బస్తాలు వేసుకుని కూడా ఆ గట్టు మీద ఎన్నిసార్లు వెళ్ళానో, అలాంటిది ఆ వేళ రెండో గేరు దాటలేదు. వెనక టైరు నేలకి అణిగిపోయి మూలుగుతూ వచ్చింది. నేను వెనక్కి తిరగలేదు. రోడ్డెక్కి, కైకలూరు దీపాలు కనపడి, ఇంటి ముందు ఆగేదాకా ఒక్కసారి కూడా తిరగలేదు.

ఆవిడ మామూలుగానే దిగింది. కాళ్ళు కడుక్కుంది. "అన్నం పెట్టనా అండీ?" అంది. నేను ఆవిణ్ణి పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం అప్పన్న గట్టు దారిలో వస్తూ దూరం నుంచి చూశాడట, రొప్పుకుంటూ కొట్టుకి వచ్చాడు. "బాబుగారూ, దిగినాయండీ! గూడబాతులు దిగినాయి!" ఒక్కణ్ణే వెళ్ళాను. తోపు తెల్లగా ఉంది. చెట్టు చెట్టుకీ పక్షులే. రెక్కల మోత, అరుపులు, రెట్టల కంపు. ఆ కంపు పీల్చి నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆవిడ ఎనిమిదేళ్ళ కష్టం పండింది. ఈసారి గర్వం దాచుకోదల్చుకోలేదు. పరుగున ఇంటికి వచ్చి చెప్పాను.

"అలాగా అండీ" అంది ఆవిడ. వరండాలో కూర్చుని వీధి వైపు చూస్తోంది.

చూద్దువుగాని రమ్మన్నాను. రాలేదు. తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. నీరసం అనుకున్నాను. డాక్టరు రక్తం తక్కువ ఉందని టానిక్కు రాశాడు. బడికి సెలవు పెట్టించాను. వంట చేస్తుంది, పలకరిస్తే పలుకుతుంది. మిగతా వేళంతా వరండాలో గోడకి చేరగిలబడి, ఒక పక్కకి ఒదిగి కూర్చుంటుంది. వరండా అంతా ఖాళీయే. నేను వెళ్ళి కూర్చోబోతే, ఎందుకో నాకే ఇరుకనిపించి లేచి వచ్చేసేవాణ్ణి.

మొన్న వట్లూరు హాస్టలు నుంచి ఏంజెల్ ఫోను చేసింది. ఇంజనీరింగు పరీక్షలు అయిపోయాయట. "శనివారం వచ్చేస్తాను నాన్నా. అమ్మకి ఎలా ఉంది?" అంది. బానే ఉందమ్మా, నిన్ను చూస్తే పూర్తిగా లేచి తిరుగుతుంది అన్నాను. నిజంగా అదే ఆశ. ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చాను.

"ఏమే, శనివారం ఏంజెల్ వస్తోంది."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి ఆ ముఖంలో నవ్వు చూశాను. నా ప్రాణం కుదుటపడింది.

"తప్పకుండా రమ్మనండి" అంది, నవ్వుతూనే. "మేం ఇంకా పాపని చూళ్ళేదు కదండీ."